నీ గడియారంలో నీ టైం

అమ్మలూ,

చెస్ రేటింగ్ టోర్నమెంటుకి పేరిచ్చావని మీ నాన్న చెప్పాడు. సంతోషంతో పెద్దమ్మకి రెండుసార్లు చెప్పాను, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఇప్పుడు కనీసం 1400 రేటింగ్ వస్తేనే లిస్టులో పేరు వేస్తారటగా, ఆ లెక్కలు ఆట అయ్యాక చూసుకోవచ్చులే.

ముట్టుకున్న పావే ఆడాలి. ప్రతి ఎత్తూ రాయాలి. ఫోన్ మీ నాన్నకిచ్చేసి లోపలికి వెళ్లు, హాల్లో మోగిందా ఆట పోయినట్టే. గాజువాక నుంచి వస్తున్నావు, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఎంతసేపు ఆగిపోతావో చెప్పలేం, గంట ముందే బయల్దేరు.

నా భయమల్లా నీ తొందర గురించే. అది నా నుంచే వచ్చిందేమో. నాకు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు, ఇక్కడే, ఆఖరి రౌండు. ఎదురుగా ఒక పెద్దాయన, రాజు తప్ప ఏమీ మిగల్లేదు. నాకు మంత్రి, ఒక బంటు. అప్పటివి ముళ్ల గడియారాలు, టైం అయిపోవస్తుంటే నిమిషాల ముల్లు ఒక చిన్న ఎర్ర జెండాని మెల్లగా పైకి లేపేది, అది పడిందా ఓటమే. ఆయన జెండా లేస్తోంది. ఆలోచించుకునే టైం ఆయనకి ఇవ్వకూడదని నేనూ టకటకా ఆడేస్తున్నాను, బోర్డు వదిలేసి ఆ జెండానే చూస్తూ. ఆయన రాజు హెచ్8 మూలలో ఉంది. మంత్రిని జీ6 గడిలో పెట్టి గడియారం నొక్కాను. చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. స్టేల్‌మేట్, అంటే ఆట డ్రా! నా రాజుని ఒక్క గడి దగ్గరికి నడిపిస్తే సరిపోయేది.

ఆయన నవ్వలేదు. "నీకెంత టైం ఉంది బాబూ?" అన్నాడు. అప్పుడు చూశాను నా గడియారం. ఇరవై రెండు నిమిషాలు.

అర పాయింటుతో ఆర్.కె. బీచ్‌కి నడిచి వెళ్లి, చీకటి పడేదాకా కూర్చున్నాను. మురీ మిక్చర్ కొనుక్కుని తినలేదు కూడా, చూడు ఎంత మూర్ఖుణ్ణో.

ఇప్పుడు ఎత్తు ఎత్తుకీ గడియారంలో ముప్పై సెకన్లు కలుస్తాయని నువ్వంటావు. కలవనీ. అవతలివాళ్లు టైం లేక కంగారుపడుతుంటే నువ్వెందుకు కంగారుపడటం? చేతులు ఒళ్లో పెట్టుకో. నీళ్లు తాగు. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని గుర్రాన్ని నోట్లో పెట్టుకునేదానివి, ఆ పంటి గాట్లు ఇంకా ఉన్నాయి దానిమీద.

సాయంత్రం ఫోన్ చెయ్యి. గెలిచావా అని అడగను, గడియారంలో ఎంత మిగిలిందో అడుగుతా.

పెదనాన్న