కంపోస్టు గుట్ట నువ్వు అడిగి తీసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

వారానికి రెండు పూటలు ఉమ్మడి తోటలో పనిచేస్తానని పేరిచ్చావట. మంచిదే. కొత్తగా వచ్చినవాళ్ళంతా ముందు నీళ్ళ పైపు కోసమే చెయ్యి చాస్తారు. నువ్వు కంపోస్టు గుట్ట అడుగు. వాసనకి జడిసి దాని జోలికి ఎవరూ పోరు. నిజానికి సరిగ్గా పేర్చిన గుట్ట కంపు కొట్టదు.

పొడవు, వెడల్పు, ఎత్తు తలా ఒక మీటరైనా ఉండాలి. అంతకంటే చిన్నదైతే పుట్టిన వేడి పుట్టినట్టే పోతుంది. కూరగాయల తొక్కలు, కోసిన పచ్చగడ్డి ఒక గంప వేస్తే, ఎండుటాకులు, చించిన అట్టముక్కలు రెండు మూడు గంపలు వెయ్యి. పచ్చిదాంట్లో నత్రజని ఎక్కువ, ఎండుదాంట్లో కర్బనం ఎక్కువ. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు 25 నుంచి 30 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. తూకాలేం అక్కర్లేదు, గంపలతో కొలిస్తే చాలు.

తడి చూడాలంటే లోపలినుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండు. వేళ్ళ సందున ఒకటి రెండు చుక్కలు ఊరితే సరిగ్గా ఉన్నట్టు. ధార కట్టిందా, ఎండుటాకులు కలుపు. పిడికిలి విప్పగానే పొడిపొడిగా రాలిందా, నీళ్ళు చల్లు.

ముక్కు మండేలా ఘాటు వస్తే పచ్చిది ఎక్కువైంది. కుళ్ళిన గుడ్ల వాసనైతే లోపల గాలాడటం లేదు, తిరగెయ్యి. వాసనా లేదు, వేడీ లేదంటే తడన్నా ఆరి ఉంటుంది, పచ్చి చెత్తన్నా చాలి ఉండదు. పొడవాటి థర్మామీటరు నడిమధ్యకు గుచ్చితే 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ చూపాలి. 70 దాటితే పనిచేసే జీవులే చస్తాయి. వేడి తగ్గుముఖం పట్టినప్పుడల్లా అంచుల్లోది లోపలికి, లోపలిది అంచులకి వచ్చేలా తిరగెయ్యి. బూజు దుమ్ము లేస్తుంది, ముక్కుకి గుడ్డ కట్టుకో. గింజ పట్టిన కలుపు, తెగులు మొక్కలు అందులో వెయ్యకు. అంచులకి వేడి తగలదు కాబట్టి ఆ గింజల్ని, తెగులుని ఎరువుతోపాటు మడిమడికీ పంచినట్టవుతుంది.

నీళ్ళ వంతు కూడా నీకొస్తుంది. చూపుడు వేలు రెండో కణుపుదాకా మట్టిలోకి దించు. చల్లగా తగిలితే పొయ్యకు. చదరపు మీటరుకి వారానికి సుమారు 25 లీటర్లు, వాన పడితే ఆ మేరకు తగ్గించి, రెండు మూడు దఫాలుగా మొక్కల మొదళ్ళలో పొయ్యి. రోజూ కాసిని చిలకరిస్తే వేళ్ళు పైపైనే ఉండిపోతాయి. ఉమ్మడి తోటలో మొక్కలు ఎండే కాదు, తడిసి కూడా చస్తాయి. పొద్దున ఒకరు పోస్తారు, సాయంత్రం ఇంకొకరు. మూడోవారు వాలిన ఆకుల్ని చూసి అయ్యో అని మళ్ళీ పోస్తారు. వేరు కుళ్ళినా ఆకు వాలుతుంది మరి! గేటు దగ్గర పలక తగిలించమను. తేదీ, మడి నంబరు, పోసినవారి పేరు, అంతే.

కలుపు మాత్రం మొదటి రోజు పాతవాళ్ళని పక్కన నిలబెట్టుకునే పీకు. రెండాకుల వయసులో క్యారెట్ మొలకా గడ్డిపోచా ఒకేలా ఉంటాయి. నేల తడిగా ఉండగా మొదలు పట్టి లాగితే వేరుతో సహా వస్తుంది. మడిలో కాలు పెట్టకు, మట్టి అణిగి గట్టిపడుతుంది. బాట మీదే కూర్చుని చెయ్యి చాచు.

ఇంటికి వచ్చేముందు పనిముట్ల మట్టి గీకి, తుడిచి పెట్టు. దంతె పళ్ళు గోడవైపుకి తిప్పి ఆనించు.