రిసార్టులో తిండి ఖర్చు: సమాధానం

విశాఖ రుషికొండ వైపు రిసార్టులో ఇద్దరు పిల్లలతో రెండు రోజులు ఉండాలని, కానీ తిండి ఖర్చు గది అద్దెను మించుతోందని రాశారు. మూడు పూటల ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. పిల్లలు ఆటల్లో పడితే మధ్యాహ్నం బఫే ముందు కూర్చుని నాలుగు ముద్దలు కూడా తినరు, డబ్బు మాత్రం పూర్తిగా పోతుంది. ఉదయం ఫలహారం కలిసిన గది చాలు. మధ్యాహ్నం రిసార్టులోనే విడిగా, పంచుకునేలా తెప్పించుకోండి. రాత్రికి భీమిలి రోడ్డులోనో, ఎంవీపీ కాలనీలోనో భోజనం చేసి రండి. బయటికి వెళ్లి వచ్చే వీలుందా, పిల్లలకు ఏ వయసు వరకు సగం ధర అన్నది బుకింగుకు ముందే రాతపూర్వకంగా అడగండి.

మెనూలోని ధరతో లెక్క తేలదు, పన్ను చూడాలి. 2025 ఏప్రిల్ నుంచి, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఏ గదికైనా రోజుకు 7,500 రూపాయలు మించి వసూలు చేసిన హోటల్లో భోజనంపై జీఎస్టీ 18 శాతం, సాధారణ రెస్టారెంట్లలో 5 శాతం. పెద్ద రిసార్టులో 2,000 రూపాయల భోజనానికి పన్నే 360!

బిల్లులో సర్వీస్ ఛార్జీ తనంతట తానే చేరితే తీసేయమనండి. అలా చేర్చకూడదంటూ 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి. నీళ్ల సీసా విషయంలో మాత్రం వాదించకండి. హోటళ్లు ఎమ్మార్పీకి మించి అమ్మవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అది నాకు ఏమాత్రం నచ్చని తీర్పు. ఇంటి నుంచే సీసాలు నింపుకుని వెళ్లండి.