జబ్బు పేరు చివర్లో రాయి

చిరంజీవి లావణ్యకు ఆశీస్సులు.

పశువుల ఆసుపత్రి రిజిస్టరు ఎలా రాయాలో చెప్పమన్నావు. చర్మం, వెంట్రుకలు, గిట్టల కేసుల వరకే చెబుతాను. ఏ ఆసుపత్రిలో చూసినా అధ్వానంగా రాసి ఉండేవి అవే. ‘చర్మవ్యాధి, సూది వేయడమైనది’, ‘కుంటు, మందు ఇవ్వడమైనది’ అని రాసి వదిలేస్తే, అదే గేదె పదిహేను రోజులకు మళ్లీ వచ్చినప్పుడు తగ్గిందో పెరిగిందో నీకే తెలియదు. ఎక్కడ ఉంది, ఎంత ఉంది, ఎంత లోతు, చుట్టూ ఎలా ఉంది: ఈ నాలుగూ రాశాకే జబ్బు పేరు రాయమ్మా. పేరు మొదట రాస్తే కన్ను ఆ పేరుకు సరిపోయేదే వెతుక్కుంటుంది.

రైతు మాటను యథాతథంగా ఒక వరుస రాయి, కానీ దాన్నే రోగనిర్ధారణ చేయకు. ‘గాలికుంటు’ తీసుకో. పేరులోనే కుంటు ఉంది కాబట్టి కాలు ఎత్తి నడిచే ప్రతి పశువుకూ ఆ మాట వాడేవాళ్లున్నారు. గాలికుంటు అయితే జ్వరం, చొంగ, నాలుక మీద, చిగుళ్ల మీద, గిట్టల నడిమి సందులో, ఒక్కోసారి చన్నుల మీద కూడా నీటిపొక్కులు, అవి చితికి పుండ్లు ఉంటాయి. సాధారణంగా ఒక్క పశువుతో ఆగదు, కొట్టంలో రెండోదీ మూడోదీ పడతాయి. నోరు తెరిచి చూడకుండా ఆ పేరు రాయకు. ఒకే కాలు, గిట్ట పైన రెండు వైపులా సమానంగా వాపు, సందులో చర్మం చీలి భరించలేని కంపు ఉంటే అది గిట్టల కుళ్ళు. వాపూ లేదు, కంపూ లేదు, పశువు మాత్రం కాలు మోపడం లేదంటే గిట్ట కింద వెతకాలి.

వెతికేముందు ఏ గిట్టో రాయడం నేర్చుకో. ఆవుకు, గేదెకు ఒక్కో కాలికి నేలను తాకే గిట్టలు రెండు: బయటిది, లోపలిది. మడమ పైన వేలాడే చిన్నవి రెండూ వేరు. ‘వెనక కాలు పుండు’ అంటే నాలుగు గిట్టల్లో ఏదైనా కావచ్చు. ‘ఎడమ వెనక, బయటి గిట్ట, అరికాలు మడమతో కలిసే చోట, 15 మిల్లీమీటర్లు’ అని రాస్తే, చదివేవాడికి అది అరికాలి పుండని సగం తెలిసిపోతుంది. వెనక కాళ్లలో బయటి గిట్ట మీద, ముందు కాళ్లలో లోపలి గిట్ట మీద బరువు ఎక్కువ, జబ్బులూ అక్కడే ఎక్కువ. అరికాలును అంకెలతో విడగొట్టిన పటాలున్నాయి. వాటిలో గిట్టల నడిమి సందు 0, అరికాలి పుండు వచ్చే చోటు 4. గోడకు అంటించుకుంటే పనికొస్తుంది.

భాగాల పేర్లు కలపకు. వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే మెత్తని అంచు కరొనెట్. దాని కింద గట్టిగా కనిపించేది గోడ. కాలు ఎత్తితే కనిపించేది అరికాలు, వెనక మెత్తగా ఉండేది మడమ. గోడా అరికాలూ కలిసే చోట సన్నగా పోయేది తెల్లగీత. రాయి, మేకు దూరేది, చీము పైకి పాకేది ఎక్కువగా ఈ గీత వెంటే. ఎద్దులకు లాడం కొట్టేటప్పుడు మేకు ఈ గీతకు లోపల పడితే పచ్చిమాంసంలో దిగినట్టే. లాడం కొట్టిన మర్నాడో మూడోనాడో కుంటు వచ్చిందంటే ముందు మేకులు పీకించు.

గోడ మీద అడ్డంగా గాడులు కనిపిస్తే కరొనెట్ నుంచి దూరం కొలిచి రాయి. గోడ నెలకు సుమారు 5 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గాడి 20 మిల్లీమీటర్ల కింద ఉంటే దెబ్బ తగిలింది నాలుగు నెలల కిందట. అప్పుడు ఈనిందా, దాణా ఒక్కసారిగా పెంచారా, జ్వరం వచ్చిందా అని అడుగు. దాణా ఎక్కువై పొట్టలో ఆమ్లం పెరిగితే, గిట్ట లోపలి పొర వాచి తర్వాత ఇలా గుర్తు మిగులుతుంది. రైతు మరిచిపోయినది గిట్ట చెబుతుంది.

గిట్ట చెక్కేటప్పుడు వెనక కాలికి లోపలి గిట్టతో మొదలుపెట్టి, బయటిదాన్ని దానికి సమానం చెయ్యి. ముందు కాలికి దీనికి తిరగేసి. పుస్తకాల్లో ముందుగోడ పొడవు 7.5 సెంటీమీటర్లు ఉంచమని ఉంటుంది. అది హోల్‌స్టీన్ అనే విదేశీ జాతి పాడి ఆవులకు కట్టిన కొలత. మన నాటు ఆవు చిన్న గిట్టకూ, గేదె గిట్టకూ గుడ్డిగా వాడకు. ఏ పశువుకైనా ప్రతి కోత తర్వాత బొటనవేలితో అరికాలు నొక్కు. వేలి కింద లొంగితే కత్తి పక్కన పెట్టు.

గిట్టల జబ్బులకు కాళ్లు ముంచే తొట్టిలో 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) కలుపు. గిట్ట పూర్తిగా మునగాలి. ముందు మామూలు నీళ్లతో కాళ్లు కడిగించు, పేడ కలిస్తే మందు చచ్చిపోతుంది. ఆ నీళ్లు తాగితే గొర్రె చస్తుంది, రాగిని అది అసలు తట్టుకోలేదు. గొర్రెలకు జింకు సల్ఫేటు 10 శాతం, అంటే 100 లీటర్లకు 10 కిలోలు వాడి, పది పదిహేను నిమిషాలు నిలబెట్టాలి. మోకాళ్ల మీద నడుస్తూ మేసే గొర్రె కనిపిస్తే గిట్టల కుళ్ళు అనుమానించు. కానీ కరొనెట్ చుట్టూ ఎర్రని లేదా ఊదా రంగు గీత, మూతి వాపు, జ్వరం కలిసి ఉంటే అది మూతివాపు వ్యాధి (నీలినాలుక). దానికి తొట్టి మందు ఏమీ చేయదు.

ఇక చర్మం. ఊళ్లో అన్నిటికీ ‘పొక్కులు’ ఒక్కటే మాట. నువ్వు మాత్రం విడగొట్టాలి. రంగు మాత్రమే మారితే మచ్చ. గట్టిగా ఉబ్బి 1 సెంటీమీటరు లోపు ఉంటే పొక్కు, దాటితే ముద్ద. లోపల నీరుంటే నీటిపొక్కు, చీముంటే చీముపొక్కు. ఊడేది పొట్టు. కారినది ఎండి అతుక్కున్నది పక్కు. శనగగింజంత, నిమ్మకాయంత అని రాయకు, స్కేలు పెట్టి కొలువు. నిమ్మకాయలు ఏ సంతలోనైనా రెండు మూడు రకాలు ఉంటాయి మరి.

ముద్దల దగ్గర తొందరపడొద్దు. ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడినప్పటి నుంచి ఒంటి మీద ఏది లేచినా అదే అంటున్నారు. దాని ముద్దలు చాలావరకు 2 నుంచి 5 సెంటీమీటర్లు. చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుంటే ముద్ద చర్మం మందమంతా ఆక్రమించి చర్మంతోపాటే కదులుతుంది. జ్వరం ఉంటుంది. కొన్నాళ్లకు నడుమ ఎండి, ఊడి తొర్ర పడుతుంది. దద్దుర్లయితే గంటల్లో లేస్తాయి, పైన చదునుగా ఉంటాయి, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, చాలావరకు ఒకటి రెండు రోజుల్లో మాయమవుతాయి. అందుకే ‘ఎప్పుడు లేచాయి’ అన్నది ‘ఎక్కడ’ అన్నంత ముఖ్యం.

పక్కు కనిపిస్తే పీకి చూడు. వానల తర్వాత వీపు మీద వెంట్రుకల కుచ్చు పక్కుతో కలిసి పెయింటు బ్రష్‌లా ఊడి, కింద చీము తడి ఉంటే డెర్మటోఫైలోసిస్, అంటే నానిన చర్మానికి బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. దూడ ముఖం మీద, కళ్ల చుట్టూ గుండ్రంగా, బూడిద రంగులో మందంగా పక్కు కట్టి, దురద పెద్దగా లేకపోతే తామర. అది నీకూ అంటుకుంటుంది, చేతి తొడుగులు వేసుకో. స్తంభానికి అదేపనిగా రుద్దుకుంటూ, చర్మం మడతలు పడి మందమైతే గజ్జి. పరీక్షకు నమూనా పుండు నడుమ నుంచి కాదు, ఆరోగ్యంగా ఉన్న చర్మం కలిసే అంచున తియ్యి. బ్లేడుకు నూనె రాసి సన్నగా రక్తం చెమర్చేదాకా గీకాలి. గజ్జి తెచ్చే సార్కాప్టిస్ పురుగు చర్మంలో తొలుచుకుని ఉంటుంది, పైపైన గీకితే దొరకదు. రెండు మూడు చోట్ల తీస్తేనే ‘లేదు’ అనడానికి అర్థం.

‘అలోపేసియా’, ‘డెర్మటైటిస్’ రాసి ఊరుకోకు. మొదటిది వెంట్రుకలు లేవని, రెండోది చర్మం వాచిందని. రైతుకు అవి నీకంటే ముందే తెలుసు. వెంట్రుక కుదురుతో ఊడిందా, మధ్యలో విరిగిందా రాయి. విరిగితే రుద్దుకోవడమో తామరో. నల్లని వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగి, కళ్ల చుట్టూ అద్దాల్లా తెల్లబడితే రాగి లోపం ఆలోచించు. చలికాలంలో గేదె తోక చివర, చెవి కొనలు చల్లబడి నల్లగా ఎండి, బతికిన చర్మానికీ చచ్చినదానికీ నడుమ గీత పడితే వెంటనే గడ్డివాము చూడు. వానకు తడిసి బూజు పట్టిన వరిగడ్డి వల్ల వచ్చేదే ఇది. అవిభక్త పంజాబ్‌లోని డెగ్ నాలా అనే వాగు పేరు మీద దీన్ని డెగ్నాలా వ్యాధి అంటారు. గడ్డి మార్చకుండా ఎన్ని మందులు వాడినా దండగే.

చోటు పేర్లకు తెలుగే వాడు: గంగడోలు, మూపురం, జబ్బ, డొక్క, పొదుగు, తోక కుచ్చు. నీ అటెండరుకూ అర్థమవుతాయి. గుర్రానికి డెక్క అను, కాలికి ఒక్కటే. కుక్కకు, పిల్లికి గోరు. కుక్క లోపలి వైపు పైగోరు నేలకు తగలదు, అరగదు, గుండ్రంగా తిరిగి కండలో దిగుతుంది. కుంటుతూ వచ్చిన కుక్కకు ముందు అది చూడు. నల్లగోరు కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ, కోసిన చోట నడుమ చుక్క కనిపించగానే ఆపు.

రిజిస్టరులో ఒక ఆవు బొమ్మ, ఎనిమిది గిట్టల బొమ్మ రబ్బరు స్టాంపు చేయించుకో. ఎక్కడుందో దాని మీద గుర్తు పెట్టి, పక్కన కొలత, తేదీ వెయ్యి. రెండోసారి వచ్చినప్పుడు అదే గుర్తు పక్కన కొత్త కొలత.

ఇట్లు,
పెదనాన్న