గడ్డ ఎంత తగ్గింది?

నల్లగొండ

తమ్ముడూ,

క్యాన్సర్ వచ్చిన తండ్రి మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. దేవరకొండలో తెల్లవారకముందే తండ్రీకొడుకులు బస్సెక్కడం, స్కాన్ ఫిల్ములు నలగకుండా కొడుకు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం బాగా కుదిరాయి. అక్కడ ఒక్క మాట కూడా మార్చకు.

ఆ తర్వాతే నాకు అడ్డం తగిలింది. కీమో ఎక్కించిన మర్నాడే ఎక్స్‌రే తీయించి, డాక్టర్ చేత "బత్తాయంత గడ్డ నిమ్మకాయంత అయింది" అనిపించావు. మన జిల్లా తోటల మీద నీకున్న ప్రేమ తెలుసు గానీ, ఆ పోలిక తండ్రి నోట పెట్టు. డాక్టర్ మిల్లీమీటర్లలో మాట్లాడతాడు. మామూలుగా రెండు మూడు సైకిళ్లు, అంటే కీమో విడతలు, అయ్యాక మళ్లీ సీటీ స్కాన్ తీస్తారు. మొదటి స్కాన్‌లో ఎంచుకున్న గడ్డలనే మళ్లీ కొలుస్తారు. మొత్తం ఐదుకు, ఒక్కో అవయవంలో రెండుకు మించవు. వాటి పొడవులన్నీ కలిపిన మొత్తం కనీసం 30 శాతం తగ్గితేనే జబ్బు తగ్గుముఖం పట్టినట్టు లెక్క. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు ఈ కూడికలోకి రాదు. ఈ లెక్కను రెసిస్ట్ అంటారు. 2000లో వచ్చింది, 2009లో సవరించారు. మందుల పరిశోధనల కోసం పెట్టుకున్నది. రోజూ ఓపీలో ఇంత పట్టుగా లెక్కేయకపోయినా చూసే తీరు ఇదే. ఇదంతా కథలో కుక్కొద్దు, నీకు తెలిస్తే చాలు.

నువ్వు వదిలేసిన ఘట్టం ఒకటుంది. కొలత మొదట 60, తర్వాత 40, ఆ తర్వాత 50 అనుకో. కొడుకు వేళ్ల మీద లెక్కేసి "మొదటి దానికంటే ఇంకా పది తక్కువే కదా సార్" అంటాడు. డాక్టర్ 40తో పోలుస్తాడు. అన్నిటికంటే తగ్గిన కొలత నుంచి 20 శాతం, అదీ కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే జబ్బు ముదిరినట్టే, మందు మార్చే మాట వస్తుంది. కూడికలో ఇద్దరూ తప్పలేదు. ఆ బల్ల దగ్గర నాలుగు పేజీలు కూర్చోవలసింది పోయి వాన కురిపించావు!

మా బావ రిపోర్టులో "స్టేబుల్" అని ఉంటే, తగ్గలేదనుకుని ఆస్పత్రి వరండాలో ఏడ్చాను. పెరగకుండా నిలబడటం ఆ జబ్బులో చిన్న సంగతి కాదని చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. బావే "పెరగలే గదా, చాయ్ తాగుదాం పా" అన్నాడు. అంతటి మాట నేను ఏ కథలోనూ రాయలేకపోయాను.

ఇంకోటి. గడ్డ తగ్గగానే నీ తండ్రి పాత్ర జొన్నరొట్టె ఆవురావురుమని తినేసింది. స్కాన్ బాగున్న రోజునే నోరంతా చేదుగా ఉండి ముద్ద దిగకపోవచ్చు. ఆ రొట్టె పళ్లెంలోనే ఉండనీ.

సవరించి పంపు. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో దిగారని రాశావు, అక్కడి నుంచి ఆస్పత్రికి ఆటోలో పోయారా, సిటీ బస్సులో నిలబడి పోయారా?

మీ అక్క