మార్కెటింగ్ నుంచి వన్యప్రాణుల ట్రాకింగ్ రంగానికి మారవచ్చా?

జీవశాస్త్ర పట్టా లేని మార్కెటింగ్ నిపుణులు కూడా వన్యప్రాణుల ట్రాకింగ్ పరికరాలు తయారుచేసే సంస్థల్లో చేరవచ్చు. ఆ పరికరాలు వాడే పరిశోధకుల, అటవీ శాఖల అవసరాన్ని ఓపికగా విని ఇంజనీర్లకు అర్థమయ్యేలా చెప్పగలవారు అక్కడ ఎంతో అవసరం.

అయితే ముందు విషయం నేర్చుకోవాలి. పక్షికి అమర్చే ట్యాగ్ (అది ఎక్కడుందో తెలిపే చిన్న పరికరం) దాని శరీర బరువులో సాధారణంగా 3 నుంచి 5 శాతం మించకూడదు కనుక బ్యాటరీ చిన్నదిగా ఉంటుంది, దానివల్ల స్థానాన్ని నమోదు చేయగల సార్లూ తగ్గుతాయి; ఈ లంకె తెలియకుండా ఇచ్చే హామీ చివరికి ఆ మూగప్రాణికే భారమవుతుంది. 1978లో మొదలైన ఆర్గోస్ ఉపగ్రహ వ్యవస్థ ట్యాగ్ పంపే సంకేతాల డాప్లర్ మార్పును (ఉపగ్రహం కదలిక వల్ల అందే సంకేతం పౌనఃపున్యంలో వచ్చే తేడాను) బట్టి స్థానాన్ని లెక్కిస్తుందనీ, జీపీఎస్‌లో ఉపగ్రహ సంకేతాలను ట్యాగే అందుకుంటుందనీ తెలుసుకుని, మూవ్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ సమాచార నిధిలో అందరికీ అందుబాటులో ఉంచిన జంతువుల సంచార వివరాలతో సాధన మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.