సమాధానం: పాత పాస్‌వర్డ్ చూపించి, మీ ఆంతరంగిక వీడియో తమ దగ్గర ఉందంటూ బిట్‌కాయిన్ అడుగుతున్న మెయిల్

ఆ పాస్‌వర్డ్ ఎప్పుడో ఏదో సైట్ నుంచి లీకైన జాబితాలోది. వీడియో మాట ఉత్త బెదిరింపు; ఇదే మెయిల్ వేలమందికి పోతుంది.

మీ ఐడీ నుంచే వచ్చినట్టుందా? కంప్యూటర్‌లో జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి, దాని మూడు చుక్కల్లో 'షో ఒరిజినల్' నొక్కండి (ఫోన్ యాప్‌లో ఉండదు). ఎస్‌పీఎఫ్, డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ చిరునామా నుంచే వచ్చిందా అని చూసే తనిఖీలు) 'ఫెయిల్' అంటే చిరునామా ఫోర్జరీ.

1. డబ్బు పంపొద్దు, జవాబివ్వొద్దు.

2. చాలామంది మెయిల్ పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి ఊరుకుంటారు. అసలు ముప్పు అక్కడే. ఆ పాతది, చివర 1 లేదా 123 తగిలించినవి సహా, ఇంకెక్కడెక్కడ వాడారో వెతికి అన్నీ మార్చండి. క్రోమ్‌లో పాస్‌వర్డ్ చెకప్ లీకైనవి చూపిస్తుంది.

3. టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత రెండో తనిఖీ) పెట్టండి.

4. మెయిల్‌ను స్పామ్‌గా రిపోర్ట్ చేయండి.

నిజంగా మీ ఆంతరంగిక ఫొటో జతచేసి ఉంటే మాత్రం లెక్క వేరు: మెయిల్ డిలీట్ చేయకుండా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఇప్పటికే పంపేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.