బాకరాలో బ్యాంకర్ మీద పెడితే నిజంగా లాభమా?

ప్రశ్న: డిసెంబర్‌లో ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తున్నాం. మాలో ఒకడికి క్యాసినో పిచ్చి. "బాకరా అన్నిటికంటే ఈజీ, బోర్డు చూసి పెట్టడమే, పోయినప్పుడల్లా డబుల్ చేస్తే ఎలాగైనా లాగేస్తాం" అంటున్నాడు. నాకు రమ్మీ, సంక్రాంతి కోతాట తప్ప ఏమీ రావు. అసలు ఆట ఏమిటి, వాడి లెక్క నిజమేనా?
- ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: ఈజీ అన్నది నిజమే. ఎంత ఈజీ అంటే, డబ్బు పెట్టాక మీరు చేయాల్సిందేమీ ఉండదు. కోతాటలో లోనా బయటా ఉన్నట్టు ఇక్కడ ప్లేయర్, బ్యాంకర్ అని రెండు వైపులు ఉంటాయి. ప్లేయర్ అంటే మీరని, బ్యాంకర్ అంటే క్యాసినో అని అనుకోకండి, అవి వట్టి పేర్లే, ఎవరైనా ఎటైనా పెట్టొచ్చు, లేదంటే రెండూ సమానమవుతాయని 'టై' మీద పెట్టొచ్చు. ఎక్కువ చోట్ల ఎనిమిది పేకలు కలిపి ఆడిస్తారు. ఆసు 1, రెండు నుంచి తొమ్మిది దాకా ఎంతుంటే అంత, పది, జాకీ, రాణి, రాజు అన్నీ సున్నా. కూడితే పది గానీ అంతకు మించి గానీ వచ్చినప్పుడు పదిని వదిలేసి మిగిలిందే లెక్క, అంటే 7, 6 వస్తే పదమూడు కాదు, మూడు. తొమ్మిదికి దగ్గరున్న వైపు గెలుపు.

రెండు వైపులా రెండేసి ముక్కలు వేస్తారు. ఎవరికైనా ఆ రెండూ కలిపి ఎనిమిదో తొమ్మిదో అయితే ఆట అక్కడే ఆగిపోతుంది. లేకపోతే ప్లేయర్‌కి సున్నా నుంచి అయిదు దాకా ఉంటే మూడో ముక్క, ఆరు, ఏడు ఉంటే లేదు. అసలు కిటుకు బ్యాంకర్ మూడో ముక్కలో ఉంది. ప్లేయర్ ముక్క తీసుకోకపోతే బ్యాంకర్‌కీ అదే రూలు, తీసుకుంటే మాత్రం ఆ ముక్క ఏమిటో చూశాకే బ్యాంకర్ తీసుకోవాలా వద్దా అన్నది ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం జరుగుతుంది. ఉదాహరణకి ప్లేయర్‌కి 7, 6 పడ్డాయి, అంటే మూడు, మూడో ముక్క 9 వచ్చింది, మొత్తం రెండయింది. బ్యాంకర్ దగ్గర రాజు, 5. ఇక్కడ బ్యాంకర్ ముక్క తీసుకోడు. ఎందుకంటే ఈ ఆటలో తొమ్మిది కలపడం అంటే ఒకటి తగ్గడమే, ప్లేయర్‌కి ముందు 1 నుంచి 5 దాకా ఏమున్నా ఇప్పుడు సున్నా నుంచి నాలుగే అవుతుంది, ఒక్క సున్నా ఉంటేనే తొమ్మిదికి చేరుతుంది. కాబట్టి చేతిలో ఉన్న అయిదు చాలు. ఇలా వెనకాల ఆడే వెసులుబాటు వల్లే బ్యాంకర్ కాస్త ఎక్కువ గెలుస్తాడు: నూటికి 45.86 సార్లు బ్యాంకర్, 44.62 సార్లు ప్లేయర్, 9.52 సార్లు టై.

అయితే బ్యాంకర్ మీదే పెడుతూ పోదాం అంటారు కదా, దానికే క్యాసినో గెలుపులో 5 శాతం కమిషన్ కోస్తుంది. వెయ్యి పెట్టి గెలిస్తే 950 వస్తుంది. టై అయితే బ్యాంకర్, ప్లేయర్ మీద పెట్టినవాళ్ల డబ్బు వాళ్లకి వెనక్కి. ఇదంతా లెక్కేస్తే బ్యాంకర్ మీద క్యాసినోకి మిగిలేది 1.06 శాతం, ప్లేయర్ మీద 1.24. టై మీద ఒకటికి ఎనిమిది ఇస్తామని ఊరిస్తారు గానీ న్యాయంగా అయితే తొమ్మిదిన్నర ఇవ్వాలి, అక్కడ కోత ఏకంగా 14.36 శాతం. నన్నడిగితే టై వైపు చూడకండి. 'కమిషన్ లేదు' అన్న టేబుల్ చూసీ మురిసిపోవద్దు, చాలాచోట్ల బ్యాంకర్ ఆరుతో గెలిస్తే సగమే ఇస్తారు, అప్పుడు కోత 1.46కి పెరుగుతుంది.

ఒక శాతమేగా అనిపిస్తుంది. కానీ ఆ శాతం మీ జేబులో ఉన్నదాని మీద కాదు, తిప్పిన మొత్తం మీద. గంటకి 70 ఆటలు పడ్డాయనుకుందాం, వెయ్యేసి చొప్పున 70 వేలు తిప్పినట్టు. సగటున బ్యాంకర్ మీద 742 రూపాయలు పోతుంది, అదే టై మీద అయితే పది వేలు దాటుతుంది. తెచ్చుకున్న పదివేలే మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి కాబట్టి ఈ కోత కంటికి ఆనదు.

ఇక బోర్డు. గెలిచిన వైపుల్ని ఎరుపు, నీలం చుక్కలతో చూపిస్తారు, చైనాలో క్యాసినోలకి పేరుపడ్డ మకావులో అయితే వాటిని చూసి జనం టేబుళ్లు మారుతుంటారు, ముక్కని అంచు నుంచి కొంచెం కొంచెంగా వంచుతూ చూస్తారు, ఊదుతారు కూడా. చూడ్డానికి సరదాగానే ఉంటుంది. బ్యాంకర్ ఆరుసార్లు వరసగా వచ్చినా ఏడోసారి ఎటొస్తుందో ఆ చుక్కలు చెప్పవు. చెప్పేవైతే క్యాసినో వాళ్లు బోర్డూ పెన్నూ ఉచితంగా ఇస్తారా?

డబుల్ చేయడం సంగతి: 500తో మొదలుపెట్టి ఏడుసార్లు పోతే 63,500 పోయినట్టు, ఎనిమిదోసారి 64 వేలు పెట్టాలి, గెలిస్తే మిగిలేది ఆ మొదటి 500. ప్లేయర్ మీద పెడుతుంటే, టైలు పక్కనపెట్టి చూసుకున్నా, ఇలా వరసగా ఏడు పోయే అవకాశం 116లో ఒకటి, ఓ రాత్రంతా కూర్చునేవాడికి అదేమీ దూరం కాదు. పైగా టేబుల్‌కి ఇంతకు మించి పెట్టకూడదని పరిమితి ఉంటుంది.

పోకర్‌లో పేరుమోసిన ఫిల్ ఐవీ 2012లో లండన్‌లో ఈ ఆటలో 77 లక్షల పౌండ్లు గెలిచాడు. అదీ అదృష్టంతో కాదు, ముక్కల వెనక డిజైన్ అంచులో తేడా కనిపెట్టి, వెనక నుంచే గుర్తుపట్టేలా మంచి ముక్కల్ని, సెంటిమెంట్ అని చెప్పి డీలర్‌తోనే తిప్పించి. క్యాసినో డబ్బివ్వలేదు, 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా అతనికి వ్యతిరేకంగానే తీర్పిచ్చింది.

ప్రశ్న: మా తమ్ముడు ఫోన్‌లో లైవ్ బాకరా ఆడుతున్నాడు. ముక్కలు వేసేది కెమెరాలో కనబడుతోంది కాబట్టి మోసం లేదంటాడు.
- ఓ అక్క, కరీంనగర్

జవాబు: కనబడినా కోత అదేనమ్మా, పైగా ఫోన్‌లో వేగం ఎక్కువ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2017లోనే తెలంగాణ నిషేధించింది, 2020లో ఆంధ్రప్రదేశ్, 2025 ఆగస్టులో దేశమంతటికీ వర్తించేలా కేంద్రం చట్టం చేసింది. కాబట్టి ఆ యాప్ లైసెన్సు చూపించినా ఇక్కడ చెల్లదు, గెలిచిన డబ్బు ఆపేస్తే అడగడానికి దిక్కుండదు. ముందు అతని ఖాతాలో యూపీఐ పరిమితి తగ్గించేలా చూడండి. విత్‌డ్రా కావాలంటే ఇంకొంచెం కట్టమని ఇప్పటికే అడుగుతుంటే ఒక్క రూపాయి కూడా కట్టనివ్వకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.